పెద్దచుక్క పిల్లలు, మూడో గుప్పెడు ఇసుక

సముద్రం ఊరికి ఇప్పటికంటే చాలా దూరంగా ఉన్న రోజుల్లో, తాతల తాతకు కూడా ఇంకా పేరు పెట్టని కాలంలో, ఒక రేవులో కొర్లమ్మ అనే ముసలామె ఉండేది. ఆమెకు పడవ లేదు. వల లేదు. నా అనేవాళ్లు లేరు. ఉన్నదల్లా ఒక తాడు. రెండు గుంజలకు ఆ తాడు కట్టి, ఊరివాళ్లు తెచ్చిన సావడాయి చేపలు ఆరేసేది. పొద్దస్తమానం గద్దల్ని కాపలా కాసేది. అందరికీ గద్ద నెత్తిమీదికి వచ్చాక కనిపించేది. కొర్లమ్మకు నువ్వుగింజంత ఉండగానే కనిపించేది.

ఒకనాడు సందెవేళ తూర్పున పెద్దచుక్క పొడిచింది. పంతుళ్లు దాన్ని గురుడంటారు. రేవువాళ్లకు మాత్రం అది పెద్దచుక్క. చేపలు తీయడానికి కొర్లమ్మ వంగింది. చుక్క సరిగ్గా తాడు చాటుకు వెళ్లింది. దాని వెలుగు తాడు వెనక దాగింది. అప్పుడు తాడుకు పైనా కిందా సన్నటి మెరుపులు కనిపించాయి. కొర్లమ్మ చేతిలో చేపలు జారిపోయాయి.

"ఓలమ్మో! పెద్దచుక్కకి పిల్లలున్నాయర్రా!"

జనం పరుగెత్తుకొచ్చారు. చుక్కవంక నేరుగా చూశారు. ఒక్కటే చుక్క.

"పురుడెవరు పోసారే కొర్లమ్మా, నువ్వేనా?" అన్నాడొకడు. రేవంతా నవ్వింది.

మర్నాడూ చూసింది, ఆ మర్నాడూ చూసింది. "ఒకరోజు మూడు, ఒకరోజు నాలుగు. నిన్న పైనున్నది ఇయ్యాల కిందుంది. తల్లి సుట్టూ తిరుగుతున్నాయర్రా!" అని చెప్పింది. రేవు మళ్లీ నవ్వింది. ముసల్దానికి కళ్లు పోయాయని తేల్చేశారు.

ఆ నెలలోనే గాలివాన పట్టుకుంది. వేటకు వెళ్లిన పడవలన్నీ ఒడ్డుకు చేరాయి, ఒక్కటి తప్ప. ఆ పడవలో ముగ్గురున్నారు. అందులో ఒకడు లచ్చన్న, ఊరిపెద్ద దానయ్య కొడుకు.

ఆ రేవుకు ఒక కట్టు ఉండేది. పోయిన పడవ కోసం మూడు రోజులు ఎదురుచూస్తారు. మూడోరోజు సందెవేళ ఊరిపెద్ద మూడు గుప్పిళ్ల ఇసుక సముద్రంలో వేస్తాడు. మూడో గుప్పెడు పడితే ఆ మనుషులు గంగమ్మ మనుషులు. ఇక వాళ్లకోసం ఎవరూ పడవ ఎక్కకూడదు. వెతకకూడదు.

మూడోరోజు వచ్చింది. సందె వచ్చింది. దానయ్య మొదటి గుప్పెడు వేశాడు. ఆడవాళ్లు ఏడ్చారు. రెండో గుప్పెడు వేశాడు. లచ్చన్న పెళ్లాం బంగారి కూలబడింది. మూడో గుప్పెడు తీసి చెయ్యి పైకెత్తాడు.

"ఆగు దానయ్యా!"

కొర్లమ్మ రొప్పుతూ వచ్చి అతని పిడికిలిని రెండు చేతులా పట్టుకుంది. "తెరసాప సూసినాను! పొద్దు దిగిపోతా దాని కొస మీద ఎర్రగా తగిలింది. సినిగిపోయింది గానీ తెరసాపే. ఆ దిక్కుకి సూటిగా రెండు గెడలు పాతొచ్చినాను. ఎల్లండర్రా, బతికున్నారు!"

జనం తూర్పుకు చూశారు. నీళ్లు, చీకటి పడుతున్న ఆకాశం. ఇంకేమీ లేదు.

"పెద్దచుక్కకి పిల్లల్ని సూసిన కళ్లేనా ఇవి?" అన్నాడొకడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

దానయ్య అక్క వరసన ఆమెను పిలిచాడు. "అప్పా, నా కొడుకు మీద ఆశ నాకుండదా? నీ మాట నమ్మి ఇంకో పదిమందిని ఈ పోటులోకి తోస్తే, ఆల్లూ రాపోతే?"

"నన్ను నమ్మొద్దు. నా కళ్లని పరీచ్చ సెయ్యి. పిల్లలున్నాయో నేవో ఇప్పుడే తేలిపోద్ది. అదిగో, పొడిసింది."

బంగారి లేచి నిలబడింది. "నాను సూత్తాను మావా."

నేరుగా చూసింది. ఒక్కటే చుక్క. వేలు అడ్డం పెట్టి చూసింది. చెయ్యి వణికి ఏమీ కనిపించలేదు. "తాడు అడ్డం పెట్టుకో తల్లీ," అని కొర్లమ్మ ఆమెను చేపల తాడు దగ్గరికి తీసుకెళ్లింది. "తల గుంజకి ఆనించు. ఊపిరి బిగబట్టు." మూడోసారి అలా చూసింది. కెవ్వుమంది.

"సెప్పకు!" అన్నాడు దానయ్య. "నోరు మెదపకు కోడలా. అప్పా, నువ్వు తాడు ఉత్తరపు కొస కాడికి పో. కోడలా, నువ్వు తాడు దచ్చినపు కొస కాడికి పో. సూసింది సూసినట్టు ఇసక మీద గవ్వలు పెట్టండి. పెద్దగవ్వ తల్లి, సిన్నగవ్వలు పిల్లలు."

పిడికిలి విప్పకుండానే ఉత్తరానికి నడిచాడు. కొర్లమ్మ పెట్టిన గవ్వలు చూశాడు. తల్లికి పైన ఒకటి. కింద రెండు, అందులో ఒకటి దూరంగా. పిడికిలి విప్పకుండానే దక్షిణానికి పరుగెత్తాడు. బంగారి పెట్టిన గవ్వలు చూశాడు. తల్లికి పైన ఒకటి. కింద రెండు. అందులో ఒకటి దూరంగా!

"నాలుగోది ఏదే అప్పా?" అని అరిచాడు.

"తల్లి ఎనకాల ఉంటాది. వత్తాది!"

"తెప్పలు దించండర్రా!"

రేవు కదిలిపోయింది. మూడు తెప్పలు నీళ్లలోకి దిగాయి. కొర్లమ్మ పాతిన రెండు గెడల దగ్గరా రెండు మంటలు వేశారు. ఒకటి నీటి అంచున, ఒకటి దాని వెనక. "సముద్రంలోంచి సూత్తే రెండు మంటలూ ఒకటిగా అవుపించాల," అంది కొర్లమ్మ. "రెండయ్యాయంటే దారి తప్పినారన్నమాటే."

తెప్పలు వెళ్లాయి. దానయ్య ఒడ్డునే నిలబడ్డాడు. పిడికిలి విప్పలేదు. పారేస్తే కొడుకు పోతాడు, దాచుకుంటే కట్టు పోతుంది. విప్పకుండా అలాగే నిలబడ్డాడు.

తెల్లవారింది.

"ఒకటి!" అంది కొర్లమ్మ. ఇంకెవరికీ ఏమీ కనిపించలేదు. "రెండు! మూడు!"

అప్పుడు అందరికీ కనిపించాయి. వెళ్లినవి మూడు, వచ్చేవి మూడు. బంగారి కొర్లమ్మ చెయ్యి పట్టుకుంది. "నాలుగోది నేదా అమ్మమ్మా?"

"ఆగే పిల్లా. తల్లి ఎనకాల ఉంటాదని సెప్పినా గదా!"

మూడో తెప్ప అల మీదికి లేచి పక్కకు తిరిగింది. దాని వెనక తాడు. తాడు చివర విరిగిన పడవ. పడవలో ముగ్గురు మనుషులు! పెదాలు పగిలిపోయాయి, గొంతులు ఎండిపోయాయి, అయినా ముగ్గురూ చేతులూపుతున్నారు!

దానయ్య పిడికిలి బిగుసుకుపోయింది. బంగారి ఒక్కో వేలూ తీసి విప్పాల్సి వచ్చింది. ఆ ఇసుకను అతను సముద్రంలో వేయలేదు. తీసుకెళ్లి కొర్లమ్మ గుంజ మొదట్లో పోశాడు.

"సేపల్లో పడతాది, కాస్త పక్కన పొయ్యి తమ్ముడా," అంది కొర్లమ్మ.

కొన్నేళ్లకు కొర్లమ్మ పోయింది. ఆమె గుంజలున్న చోటే ఆమెను పూడ్చారు.

ఇప్పటికీ ఆ రేవులో పడవ రాకపోతే మూడోరోజు సందెవేళ ఊరిపెద్ద ఇసుక తీస్తాడు. రెండు గుప్పిళ్లు సముద్రానికి. మూడోది పిడికిట్లో పట్టుకుని, ఎవరి కళ్లు బాగున్నాయో వాళ్లను పిలుస్తాడు. ఇద్దరు చెరో చివరా నిలబడి, తూర్పుకు చూసి, మాట్లాడుకోకుండా గవ్వలు పెడతారు. పెద్దచుక్క ఉంటే చుక్కకు, లేకపోతే కడలి అంచున కనిపించిన ప్రతి నలుసుకూ. ఒక్క గవ్వ కలిసినా తెప్పలు దిగుతాయి.

దుర్భిణిలోంచి చూస్తే పెద్దచుక్క పిల్లలైన ఆ నాలుగు చందమామలూ ఈనాడు ఎవరికైనా కనిపిస్తాయి. రేవులోని పిల్లలు మాత్రం ఇంకా చేపల తాడు కిందే వంగి చూస్తారు. మూడే కనిపిస్తే దిగులుపడరు.

మూడో గుప్పెడు ఇసుక ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా సముద్రంలో పడలేదు. మనుషులు తిరిగొచ్చినా, రాకపోయినా, దాన్ని తెచ్చి కొర్లమ్మ మీదే పోస్తారు. గుంజలు ఎప్పుడో పూడిపోయాయి. ఇప్పుడక్కడున్నది దిబ్బ. ఆ తీరంలో అంతకంటే ఎత్తయిన చోటు లేదు. సముద్రంలో ఉన్నవాళ్లకు ఒడ్డున మొదట కనిపించేది అదే.