ఎవరూ రాని దీవి

మద్దిలేటి కట్టిన దీవికి ఎవరూ రాలేదు. వాడి బాధంతా అదే.

దీవి అంటే సముద్రంలో ఉండే దీవి కాదు, కంప్యూటర్ ఆటలోది. ఒంటి మీద గుడ్డ తప్ప ఏమీ లేకుండా ఆ ఒడ్డున పడతారు. కట్టెలు కొట్టుకోవాలి, నిప్పు రాజేసుకోవాలి, ఆకలికీ చలికీ తోడేళ్ళకీ చిక్కకుండా బతికి బయటపడాలి. ఒక్కడే ఆడితే దిగులు పుడుతుంది. నలుగురు కలిసి ఆడితే మాత్రం పండగే. పాలిటెక్నిక్ చదివే రోజుల్లో మద్దిలేటి, ఓబులేసు, ఇంకో ఇద్దరు హాస్టల్ గదిలో కూర్చుని అలాగే ఆడేవాళ్ళు. మెస్సులో అన్నం గిన్నెలు కడిగేస్తున్న చప్పుడు వినబడితే గానీ ఆకలి గుర్తొచ్చేది కాదు.

చదువులయ్యాయి. ఓబులేసు పూనా వెళ్ళాడు, ఒకడు చెన్నై, ఇంకొకడు వైజాగు. మద్దిలేటికి గదిలో కూర్చుని చేసే ఉద్యోగం దొరికింది. అందరూ అదృష్టవంతుడివిరా అన్నారు. పొద్దున స్క్రీన్ ముందు కూర్చుంటే సాయంత్రానికి లేవడం, మెస్సుకు పోయి తినడం, వచ్చి పడుకోవడం. చిన్నప్పుడే అమ్మానాన్నలు పోయి మేనత్త దగ్గర పెరిగినవాడికి, ఆమె కూడా పోయాక ఫోన్ చేసి తిన్నావా అని అడిగే మనిషి లేకుండా పోయింది. రోజుకు రోజు గడిచిపోయినా వాణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్ళే ఉండేవారు కాదు.

అప్పుడు వాడికి తోచిన ఉపాయం ఇది. మామూలుగా ఆ ఆటని ఒకరి కంప్యూటర్లో పెట్టి మిగతావాళ్ళు అందులోకి వస్తారు. ఆ ఒక్కడూ కంప్యూటర్ ఆపేసి పడుకుంటే లోకమంతా అక్కడికక్కడే ఆగిపోతుంది. అలా కాకుండా ఒక యంత్రాన్ని పూర్తిగా దానికే వదిలేస్తే, అది రేయింబవళ్ళు నడుస్తూనే ఉంటుంది, ఎవరు ఏ వేళప్పుడొచ్చినా లోపలికి రానిస్తుంది. దాన్ని సొంత సర్వర్ అంటారు. నలుగురివీ నాలుగు ఊళ్ళు, నాలుగు రకాల డ్యూటీలు. అలాంటివాళ్ళకి అదే దారి అనుకున్నాడు.

పాత కంప్యూటర్ ఒకటి కొని మంచం కింద పెట్టాడు. దాని ఫ్యాన్ చప్పుడుకి మొదట్లో నిద్ర పట్టలేదు, తర్వాత అది లేకపోతే పట్టేది కాదు. దీవిని ఎంత ప్రేమగా సర్దాడో చెబితే నవ్వుతారు. ఆటలో ఓబులేసు ఎప్పుడూ చలికే చచ్చేవాడు, అందుకని వాడి కోసం చలికాలాన్ని తగ్గించి పెట్టాడు. చెన్నైవాడికి తోడేళ్ళంటే భయం, వాటిని కొండ అవతలికి తోలేశాడు. ఒక్కొక్కరికి ఒక గుడిసె వేశాడు, గుడిసెలో పడక వేశాడు, పెట్టెల్లో కాల్చిన చేపలూ పళ్ళూ పెట్టాడు. ఆ ఆటలో తిండి కుళ్ళిపోతుంది. అందుకని రోజూ పోయి పాతవి పారేసి కొత్తవి పెట్టి వచ్చేవాడు. చుట్టాలొస్తారని పొయ్యి ఆర్పకుండా కూర్చున్న ఇల్లాలిలా తయారయ్యాడు మనవాడు.

అడ్రసు పంపించగానే అందరూ వస్తాంరా అన్నారు. ఎవరూ రాలేదు. వైజాగువాడు పనుంది అన్నాడు, చెన్నైవాడు ఊరుకున్నాడు. ఓబులేసు మాత్రం, "తెరుచుకోవడం లేదురా, ఎంతసేపు చూసినా లోపలికి పోనీడం లేదు" అని మెసేజి పెట్టాడు.

"నాకు బాగానే తెరుచుకుంటాంది, నీకేంటికి తెరుచుకోదు?" అని రాశాడు మద్దిలేటి.

మర్నాడు ఓబులేసు మళ్ళీ అదే మాట. ఆ వారమంతా అదే మాట. చివరికి మద్దిలేటికి ఒళ్ళు మండింది. "రావాలని లేకుంటే లేదని చెప్పు, సాకులు చెప్పొద్దు" అని పెట్టాడు. ఆ తర్వాత ఓబులేసు దగ్గర్నుంచి ఒక్క మాట లేదు. దీవిలో ఓబులేసు గుడిసె ముందు నిప్పు రోజూ వీడే రాజేస్తూ ఉన్నాడు.

ఊరి బయట గుట్ట మీద చిన్న దర్గా ఒకటుంది. దాన్ని చూసుకునే పెద్దాయన కమాల్ సాహెబు. ఊరివాళ్ళంతా బాబా అంటారు. ఒక సాయంత్రం రోడ్డెంట ఊరికే నడుస్తూ మద్దిలేటి గుట్టెక్కాడు, బాబా పెట్టిన అన్నం తిన్నాడు, తిన్న తట్ట కడిగి పెట్టాడు. మరుసటి వారం మళ్ళీ పోయాడు. అలా అలా శిష్యుడైపోయాడు. బాబా వాడికి మంత్రాలేమీ చెప్పలేదు. ఉల్లిగడ్డలు కోయమన్నాడు, నీళ్ళు మోయమన్నాడు. ఒకరు పక్కన ఉండి పని చెబుతుంటే చేయడంలో ఎంత సుఖముందో మద్దిలేటికి అక్కడే తెలిసింది.

ప్రతి బేస్తవారం అక్కడ పెద్ద డేగిసా గిన్నె నిండా కుష్కా, అంటే ముక్కల్లేని బిర్యానీ అన్నం, వండుతారు. ఎవరొస్తే వాళ్ళకి పెడతారు. మైకు లేదు, బోర్డు లేదు. గేటు స్తంభానికి ఒక లాంతరు వెలిగిస్తారు, అంతే. రోడ్డు మీద పోయేవాళ్ళకి ఆ లాంతరు కనబడితే ఈ వేళ అన్నం ఉందని లెక్క. లాంతరు పెట్టాక బాబా ఒక పని చేసేవాడు. కర్ర పట్టుకుని, మోకాళ్ళు నొస్తున్నా సరే, మెట్లన్నీ దిగి రోడ్డు దాకా పోయి, అక్కడ నిలబడి ఒకసారి పైకి చూసి, మళ్ళీ ఎక్కి వచ్చేవాడు. ఎందుకు బాబా ఈ అవస్థ అని మద్దిలేటి రెండుమూడు సార్లు అడిగాడు. బాబా నవ్వేవాడు. ముసలాయన చాదస్తం అనుకుని మద్దిలేటి వదిలేశాడు.

ఆ బేస్తవారం పొద్దున్నుంచీ తుంపర. పొయ్యి తడుస్తుందని మద్దిలేటి గేటు పక్కనుంచి గోడ దాకా పెద్ద టార్పాలిన్ పట్ట కట్టాడు. దాని కింద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు.

"ఏమైంది నాయనా?" అన్నాడు బాబా.

"ఏం లేదు బాబా."

"ఏం లేకుంటే ఉల్లిగడ్డల్ని అంత కోపంగా కోయరు."

మద్దిలేటి కత్తిపీట పక్కకి జరిపాడు. దీవి సంగతంతా చెప్పాడు. బాబాకి కంప్యూటర్ సంగతులు అంతగా తెలియవు, కానీ శ్రద్ధగా విన్నాడు. చేపలు కుళ్ళుతాయన్న చోట "అయ్యో" అన్నాడు. గుడిసెల దగ్గర, ఎవరి గుడిసె ఎక్కడుందో అడిగి తెలుసుకున్నాడు.

"తలుపు తీసే పెట్టినావా?"

"తీసే ఉంది బాబా. తాళం లేదు, గొళ్ళెం లేదు. నేను రోజూ పోయొస్తానే ఉన్నా. ఒక్కసారి కూడా నాకు అడ్డం కాలేదు."

"ఓబులేసు ఏమంటాడు?"

"తెరుచుకోలేదంటాడు. అంతా సాకు. దూరం పోయినాక మనం ఎవరికి కావాల బాబా? ఇంటికి పోతూనే దాన్ని తుడిచేస్తా. దీవీ వద్దు, వాళ్ళ నంబర్లూ వద్దు."

"తుడిచేసినాక?"

"ఏముంది. ఒక్కడే ఉండటం నాకేమన్నా కొత్తనా?" అన్నాడు మద్దిలేటి. ఉల్లిగడ్డల వల్లేనన్నట్టు కళ్ళు తుడుచుకున్నాడు.

బాబా పొయ్యి వైపు జరిగాడు. డేగిసా మూత తీసి చూసి, మళ్ళీ పెట్టాడు. పొద్దు వాలింది. లాంతరు వెలిగించమన్నాడు. మద్దిలేటి వత్తి సరిచేసి, వెలిగించి, స్తంభానికి తగిలించి వచ్చాడు. బాబా ప్రతి వారం లేచినట్టు లేచి కర్ర అందుకోలేదు. అరుగు మీదే కూర్చున్నాడు.

"నువ్వు కిందికి పోయి చూసి రా" అన్నాడు.

"చూసేదేముంది బాబా, ఇక్కడ్నించే కనబడతా ఉంది కదా. ఎంత బాగా వెలుగుతాందో చూడండి."

"పోయి రా నాయనా."

పెద్దాయన మాట కాదనలేక మద్దిలేటి చెప్పులేసుకున్నాడు. మెట్లు తడిగా ఉన్నాయి. విసుక్కుంటూనే దిగాడు. రోడ్డు మీద మిరప చేను కూలి నుంచి వస్తున్న ఆలుమగలు కనబడ్డారు. ఇద్దరూ గుట్ట వైపు ఒకసారి చూసి, ఊరి దారి పట్టబోతున్నారు. పోయిన వారాల్లో వాళ్ళకి అన్నం పెట్టింది మద్దిలేటే.

"ఏందక్కా, అట్లనే పోతున్నారు? పైకి రండి, అన్నం ఉంది."

"దీపం లేదు కదప్పా. వానకి ఈ వారం వండలేదేమో అనుకుంటిమి" అంది ఆమె.

"దీపం ఉంది. నేనే పెట్టినా. ఇప్పుడే పెట్టొస్తి."

"నువ్వు పెట్టిండొచ్చు. మాకు కనపడల్యా."

"ఉందక్కా, నేను చెప్తున్నా కదా" అన్నాడు మద్దిలేటి. అన్నాక తన మాట తనకే ఎక్కడో విన్నట్టనిపించింది.

"ఉంటే మేమెందుకు పోతాం నాయనా" అన్నాడు ఆమె మొగుడు. "ఇక్కడే నిలబడి చానాసేపు చూసినాం. మా వెనకాల వచ్చినోళ్ళు కూడా చూసి చూసి పోయినారు."

మద్దిలేటి వెనక్కి తిరిగి పైకి చూశాడు. గుట్ట నల్లగా ఉంది. గేటు ఉండాల్సిన చోట మధ్యాహ్నం తను కట్టిన పట్ట వేలాడుతూ ఉంది. దానికి అవతల వెలుగున్న జాడ కూడా తెలియడం లేదు. ఎవరో పోయినారన్నారే, వాళ్ళ కోసం రోడ్డు ఆ కొసా ఈ కొసా చూశాడు. ఎవరూ లేరు.

ఇద్దరినీ వెంటబెట్టుకుని పైకి వచ్చాడు. వస్తూనే పట్ట ముడులు విప్పేశాడు. తుంపర నేరుగా పొయ్యి మీద పడి సుయ్యిమంది. బాబా డేగిసా మీదికి ఇంకో మూత జరిపాడు. కాసేపటికి కింద నుంచి ఒకరొకరుగా జనం ఎక్కి రాసాగారు. మద్దిలేటి అందరికీ వడ్డించాడు. ఆ ఆలుమగలు రెండోసారి పెట్టించుకుని తిన్నారు. వాడు మాత్రం ఎవరి ముఖమూ సరిగా చూడలేదు.

పని సద్దుమణిగాక గేటు అవతలికి పోయి ఫోన్ తీశాడు. సర్వర్ పలుకుతోందో లేదో చూసే చిన్న యాప్ అందులో ఉంది. గదిలో ఎప్పుడు చూసినా పచ్చగా ఉండేది. ఉండదా మరి, గది లోపల యంత్రానికి ఒక అడ్రసు ఉంటుంది, వాడు రోజూ దాంతోనే లోపలికి పోయేవాడు. స్నేహితులకిచ్చింది వేరే, బయటినుంచి వచ్చేవాళ్ళ అడ్రసు. అది పని చేయాలంటే గదిలోని ఇంటర్నెట్ పెట్టెకి ముందే చెప్పి పెట్టాలి, ఫలానా దారిన వచ్చేవాళ్ళని లోపలికి పోనియ్యమని. చెప్పానని అనుకున్నాడు. చెప్పాడో లేదో చూసుకోలేదు. ఆ అడ్రసుని తనెప్పుడూ కొట్టి చూడలేదు.

ఇప్పుడు కొట్టాడు. తెర మీద చిన్న చక్రం తిరుగుతూ ఉంది. తిరిగి తిరిగి ఆగిపోయింది. జవాబు లేదు అని వచ్చింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే. లోపల నాలుగు గుడిసెలున్నాయి, కాల్చిన చేపలున్నాయి, ఓబులేసు గుమ్మం ముందు నిప్పుంది. ఒక్కటీ కనబడలేదు. ఓబులేసు వారమంతా పనయ్యాక వచ్చి ఈ తిరిగే చక్రాన్నే చూస్తూ కూర్చున్నాడన్నమాట. అది తలుచుకోగానే మద్దిలేటికి ఏడుపొచ్చింది. ఈసారి ఉల్లిగడ్డల మీద తోయడానికి కూడా లేదు.

ఓబులేసు నంబరు నొక్కాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. ఎత్తలేదు. తప్పు నాదేరా అని మెసేజి పెట్టాడు. చూసినట్టు గుర్తు పడింది, జవాబు రాలేదు.

బాబా తట్టలో కుష్కా పెట్టుకుని గేటు దాకా వచ్చాడు. వాడు పొద్దున్నుంచీ తినలేదని ఆయనకి తెలుసు.

"ఎత్తడం లేదు బాబా" అన్నాడు మద్దిలేటి. "ఇంక మాట్లాడడేమో."

"ఎంతసేపయింది నువ్వు పిలవబట్టి?"

"ఇప్పుడే. రెండుమూడు సార్లు చేసినా."

బాబా తట్టని గోడ మీద పెట్టాడు. పైన చినుకులు పడకుండా ఇంకో తట్ట బోర్లించాడు.

"వాడు నీ తలుపు ఎన్నాళ్ళు కొట్టినాడు?"

"వారమంతా" అన్నాడు మద్దిలేటి.

"అయితే ఇంకాసేపు బయటే నిలబడు నాయనా" అని బాబా లోపలికి వెళ్ళిపోయాడు.

మద్దిలేటి వానలో నిలబడ్డాడు.