ఎత్తుపీట

కొండకింది మఠంలో నిర్వాణయ్య స్వామి శిష్యుడు చెన్నవీరయ్య పిల్లల బడి నడిపేవాడు. చిన్నప్పటి నుంచీ అతనికి కుడి మోకాలు వంగదు. మెడ కూడా వంగదని ఊళ్ళో అనుకునేవాళ్ళు గానీ, అది పుట్టుకతో వచ్చింది కాదు.

అతని ప్రాణానికి సుంకులమ్మ దాపురించింది. ఆవిడ కూతురు ఓబులమ్మకు ఏడేళ్ళు. నలభై మంది పిల్లలు ఒక్క గొంతుతో అక్షరాలు అరుస్తుంటే ఆ పిల్ల చెవులు మూసుకుని ఏడ్చేది, లేచి బయటికి పరుగెత్తేది. ఇంట్లో అక్క పక్కన కూర్చుని మెల్లగా చెబితే మాత్రం ఇసుకలో చక్కగా దిద్దేది. అందుకని గడప దగ్గర విడిగా కూర్చోబెట్టి, నెమ్మదిగా చెప్పమని తల్లి అడిగింది. అడిగి ఊరుకుంటే బాగుండేది. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది.

చెన్నవీరయ్య దగ్గర ఒక్కటే జవాబు. మఠంలో భోజనానికి ఊరిపెద్దయినా బిచ్చగాడైనా ఒకే వరసలో నేలమీదే కూర్చుంటారు. పంక్తిభేదం పాపం. బడిలోనూ అంతే. ఆ మాట అన్నప్పుడల్లా తన న్యాయబుద్ధికి తనే కాస్త మురిసిపోయేవాడు.

తొమ్మిదోసారి వచ్చినప్పుడు, ఇక పిల్లను బడికి తీసుకురావద్దని చెప్పేశాడు. ఆవిడ సరేననలేదు. రేపు వస్తానంది.

అతను నేరుగా స్వామి దగ్గరికి పోయాడు.

"మీరైనా చెప్పండి స్వామీ. చెప్పిందే చెబుతుంది. నాకు విసుగెత్తిపోయింది."

విస్తళ్ళు కుడుతున్న స్వామి తల ఎత్తలేదు. "అన్నం వేళయింది. పద."

పంక్తిలో అందరూ కూర్చున్నారు. చివర చెన్నవీరయ్య ఎత్తుపీట లేదు. మోకాలి కోసం వేసిన పీట అది. ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉండడం వల్ల దాన్ని భేదమని ఎవరూ అనుకోలేదు, ముఖ్యంగా అతను.

వడ్డించేవాణ్ణి అడిగితే స్వామి తీయించారన్నాడు. నేలమీద కూర్చోబోతే కాలు పోయి పక్కాయన పప్పులో పడింది. పక్కాయన విస్తరి మార్చుకున్నాడు.

"స్వామీ, నా పీట."

"పంక్తిలో అందరికీ ఒకటే కదా నాయనా."

"నాకు మోకాలు వంగదు."

"అవును."

స్వామి పప్పన్నం కలుపుకుంటున్నారు. చెన్నవీరయ్యకు ఒళ్ళు మండింది.

"మీకు తెలిసిందే కదా స్వామీ. ఎన్నిసార్లు చెప్పాలి?"

"మీ అమ్మ పదిహేడుసార్లు చెప్పింది," అన్నారు స్వామి. "పదహారుసార్లు ఆవిణ్ణి గుమ్మంలోంచే పంపేశాను. అప్పట్లో నాకూ విసుగెక్కువ."

తల్లి ఆ గుమ్మం ఎక్కిందనే సంగతి చెన్నవీరయ్యకు తెలియదు. ఆవిడ ఏనాడూ చెప్పలేదు. ఆ పూట అతను నిలబడే తిన్నాడు.

పొద్దున సుంకులమ్మ కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది. దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలు నోట్లో సిద్ధంగా ఉన్నాయి. బడి గడప పక్కన ఎత్తుపీట వేసి ఉంది. దాని ముందు చిన్న చాప, చాప దగ్గర చదును చేసిన ఇసుక.

చెన్నవీరయ్య పీట మీంచి లేచాడు. "ఇక్కడ సరిపోతుందా అమ్మా?"

ఆవిడ లోపలి పిల్లల వైపు చూసింది, చాప వైపు చూసింది.

"ఇంకొంచెం అవతలికి జరపండి."

జరిపాడు.