రత్నగర్భాంబ వ్రతమహిమ: గాజు పోసిన కెంపు

శుచిగా కూర్చున్న పుణ్యస్త్రీలారా, వారి వెనుక ఆకలితో కూర్చున్న పురుషులారా, ఈ కథను శ్రద్ధగా వినుడు. నడుమ లేచి పొయ్యిమీది పాలు చూచి వచ్చువారు విడిచిన భాగమును పక్కవారిని అడిగి తెలిసికొనవలెనే గాని మొదటినుండి మరల చదివింపరాదు.

పూర్వము తుంగభద్రా తీరమున యాగము జరుగుచుండగా పింగాక్ష మహర్షి మృదుకంఠ మహామునికి నమస్కరించి యిట్లడిగెను. కలియుగమున జనులు వెలసిన కెంపులను నిప్పులలో కాల్చి రంగు తెప్పింతురట, బీటలు వారిన పచ్చలకు నూనె పట్టింతురట, అన్నింటిని పుట్టు రాళ్లేయని అమ్ముదురట. కొన్నవారికి గ్రహము శాంతింపదు, అమ్మినవారికి నిద్ర పట్టదు, వీరు తరించుట యెట్లని అడుగగా మృదుకంఠుడు నవ్వి, అమ్మినవారికి నిద్ర చక్కగానే పట్టుననియు, అయినను దీనికొక వ్రతము కలదనియు చెప్పి యిట్లు వివరించెను.

శోణపురమున కుప్పనశెట్టి యను రత్నవర్తకుడు ఉండెను. అతని భార్య సూరసానమ్మ. శెట్టి రాళ్లకు చేయు సేవలన్నియు ఆమె వంటింటిలోనే జరుగుచుండెను. కుంపటి బొగ్గులు తరిగిననాడు కెంపులు కాలినవనియు, నువ్వులనూనె గిన్నె అడుగంటిననాడు పచ్చలు మెరిసినవనియు ఆమెకు వేరుగా చెప్పనక్కరలేకపోయెను.

ఇట్లుండగా సేనానాయకుడగు దళవాయి భార్య శెట్టివద్ద పచ్చల గాజులు కొని, వాటిని తీయకయే వేడినీళ్లతో కుంకుడుకాయ తలంటుకొనెను. నూనె జారిపోయెను, బీటలు బయటపడెను. ఆమె అంగడిముందు నిలిచి అన్న మాటలు వ్రతకథలో చెప్పదగినవి కావు. నాటినుండి అంగడి గడప తొక్కువారు లేరైరి. ఇంట పొయ్యిలో పిల్లి లేవకుండెను.

సూరసానమ్మ దేవుని గదిలో కన్నీరు పెట్టుచుండగా, ఒక వృద్ధ ముత్తైదువ పసుపు కొరకు వచ్చి సంగతి అడిగెను. అంతయు చెప్పి, "రాయిని కాల్చడం పాపమేనంటావా అమ్మా?" అని సూరసానమ్మ అడిగెను.

"పిచ్చిదానా! నేను రోజూ పసుపు రాసుకుంటాను. ఇది నా పుట్టు రంగని ఎవరితోనైనా అన్నానా? చేసింది చేశామని చెప్పండి, చాలు" అని పలికి, ఆమె వ్రతవిధానమును తెలిపెను. ఐదు శుక్రవారములు రత్నగర్భాంబను కలశమున ఆవాహన చేసి, అంగడిలోని ప్రతి రాతికి ఏమేమి చేసినదియు దాచక చెప్పి, ఉంగరము తీయని చేతితో నిమ్మకాయ పులిహోర కలిపి నివేదింపవలెను. ఇట్లు చెప్పి ఆ వృద్ధురాలు వాకిలి దాటకుండగనే కనబడకపోయెను.

దంపతులు ఆ వ్రతమును భక్తితో చేసిరి. శెట్టి అంగడిలో నిలిచి, "ఇది కాల్చిన కెంపండీ. ఇది నూనె పట్టిన పచ్చ, వేడినీళ్లు తగలనివ్వకండి. ఈ నీలం మాత్రం పుట్టు రాయి, అందుకే ఈ వెల" అని చెప్పనారంభించెను. జనులు మొదట నవ్విరి, పిమ్మట విస్తుపోయిరి, తుదకు ఒకరినొకరు తోసికొనుచు వచ్చిరి. ఏడాది తిరుగకముందే శెట్టి మేడ కట్టెను. వ్రతము ఊరంతయు ప్రాకి రాజమందిరము చేరెను. మల్లమదేవి యను రాణి సైతము పూనెను.

సంపద వచ్చినవెంటనే శెట్టికి శుక్రవారములు గుర్తుండుట మానెను. ఒకనాడు తూర్పుదీవుల వర్తకుడు రేగుపండంత కెంపును తెచ్చెను. బీటలనిండ కరిగిన గాజు పోసి నున్నగా చేసిన రాయి అది. శెట్టి దానిని వంటింటి గూటిలో పెట్టుచు, "దీని దగ్గర నిమ్మకాయ పెట్టకే. పులుపు తగిలితే గాజు తెల్లబోతుంది" అని భార్యను హెచ్చరించెను. మూడవనాడు దానినే పుట్టు కెంపని రాణికి అమ్మెను. నకిలీ రాయిని కోటలోనికి తెచ్చినవారిని కుటుంబముతో ఊరు వెడలగొట్టవలెనని ఆ రాజ్యమున శాసనము గలదు.

"ఏమండీ, గాజు సంగతి రాణీగారికి చెప్పారా?" అని సూరసానమ్మ నిలదీసెను.

"ఆవిడ అడగలేదే!"

"అడిగితేనే చెప్పాలని వ్రతంలో ఉందా?"

"నీకెందుకే ఇవన్నీ? వెళ్లి నీ పులిహోర చూసుకో."

ఐదవ శుక్రవారము రానే వచ్చెను. రాణి వ్రతమునకు కథ చదువుటకై సూరసానమ్మను పిలిపించిరి. శెట్టి పట్టుబట్టలు కట్టి మొదటి వరుసలో కూర్చుండెను. పెద్ద పళ్లెమున వేడి అన్నము పొగలు గ్రక్కుచుండెను. దాసీలు నలుబది నిమ్మకాయలు కోసిరి. రాణి చేయి చాచెను. వ్రేలి ఉంగరమున ఆ కెంపే!

సూరసానమ్మ దానిని గుర్తుపట్టెను. పులుపుకు వ్రేలు మండునని ఏదో ఒకటి చెప్పి ఉంగరము తీయించినచో ఎవరికిని తెలియదు, ఇల్లు నిలుచును. నిజము చెప్పినచో ఊరే పోవును. ఆమె చేతిలోని కథ పుస్తకమును మూసెను.

"రాణీగారూ, ఆగండి! ఆ చెయ్యి పెట్టకండి!"

"ఏం సూరసానమ్మా, మడి తప్పిందా?"

"మాట తప్పిందమ్మా. ఆ కెంపునిండా బీటలు, బీటలనిండా గాజు. మూడు రోజులు మా వంటింట్లోనే ఉంది. మా ఆయన చెప్పలేదు. నేనూ చెప్పలేదు."

శెట్టి మొదటి వరుసనుండి స్తంభము చాటునకు జరిగెను. రాణి ఉంగరమును తీసి గిన్నెలో వేసి నిమ్మకాయ పిండెను. ముత్తైదువలందరు తలలు గిన్నెలో పెట్టినంత పని చేసిరి.

"వచ్చింది, తెల్లగీత వచ్చింది!"

"కాస్త జరగవే, నన్నూ చూడనీ!"

"అమ్మో, సాలెగూడే!"

మంత్రి శాసనమును చదువబోవగా, ఎవరును ఎరుగని వృద్ధ ముత్తైదువ యొకతె వెనుకనుండి లేచి, "నిమ్మకాయ పిండకముందే చెప్పిందిగా! చెప్పినవాళ్లనే తరిమేస్తే రేపు మీకు చెప్పేదెవరు?" అని అడిగెను. అందరును వెనుదిరిగి చూచునంతలో ఆమె లేదు. పసుపు పాదముల గుర్తులు రెండు మాత్రము మెరయుచుండెను. సభయంతయు గగుర్పొడిచి అమ్మవారికి జేజేలు పలికెను.

రాణి శిక్షను మార్చెను. శెట్టి ఆ కెంపును చేతబట్టి ఐదు శుక్రవారములు బజారు నడుమ నిలిచి, దానిలో ఏమున్నదో దారిన పోవువారందరికి చెప్పవలెను. అతడు సిగ్గుపడుచు మొదలుపెట్టి, ఐదవ వారమునకు మిగుల ఉత్సాహముతో, అడుగనివారికి సైతము చెప్పెను. జనులు మరల అతని అంగడికి వచ్చిరి. కోటలోనికి వచ్చు ప్రతి రాయియు ముందుగా సూరసానమ్మ వంటింటికి పోవలెనని రాణి ఆజ్ఞాపించెను.

కావున రత్నములు అమ్మువారు, కొనువారు, జాతకము చూపించుకొని ఉంగరము తొడిగినవారు, అత్తవారిచ్చిన నగను పరీక్షింప ధైర్యము చాలనివారు ఈ వ్రతమును తప్పక చేయవలెను. చేసినవారి మాటకు వెల పెరుగును, మనసు తేలికపడును. చేసి మరచినవారికి కుప్పనశెట్టి పాట్లు తప్పవు. తలకు రంగు వేసికొనువారు కూడ చేయవచ్చునని కొందరి మతము.

కథ ముగిసినది. ఇప్పుడు ప్రతివారును తమ వ్రేలి ఉంగరమును గూర్చి నిజము చెప్పి ప్రసాదము పుచ్చుకొనవలెను. కథ చదివినవారు మొట్టమొదట చెప్పవలెను.