పెరటి కుక్కల సాక్ష్యం

దివాన్‌గారి బావమరిది జగ్గరాజు కోట వీధిలో పూటకూళ్ల ఇల్లు పెట్టాడు. జనం మాత్రం ఎదురుగా ఉన్న గవరమ్మ పూటకూళ్ల ఇంటికే ఎగబడుతున్నారు. వాడికి ఒళ్లు మండి రాజుగారి దగ్గరకు పోయాడు.

"ప్రభూ, ఆవిడ వంట నోట్లో పెట్టలేం. మూయించెయ్యండి!"

రాజుగారు స్వయంగా వచ్చారు. జగ్గరాజు శాలువాలు కప్పి తెచ్చిన పెద్దమనుషులు అతని పప్పు అమృతమన్నారు, గవరమ్మ పులుసు కుడితన్నారు.

"నీ తరఫున చెప్పేవాళ్లే లేరా?" అన్నారు రాజుగారు.

"అందరూ లోపల తింటున్నారు ప్రభూ. లేవమంటే తిడతారు. ఒకసారి మా రెండిళ్ల పెరళ్లలో ఎంగిలి విస్తళ్లు పారేసే చోటికి రండి" అంది గవరమ్మ.

ఆమె పెరట్లో కుక్క ఒంటినిండా ఎముకలు తేలి, ఖాళీ విస్తళ్లు నాకుతోంది. జగ్గరాజు పెరట్లో కుక్క పందిలా బలిసి, అన్నం గుట్ట పక్కన లేవలేక పడుంది.

"మావాళ్లు మెతుకు మిగల్చరు ప్రభూ, అందుకే దానికా గతి. ఈ రెంటికీ ఎవరూ శాలువా కప్పలేదు" అంది గవరమ్మ.

రాజుగారు పడీపడీ నవ్వి, చటుక్కున ఆగిపోయారు. కోట వంటశాల వెనక తిరిగే కుక్కలు గుర్తొచ్చాయి. అవి ఇంకా లావు.

"గవరమ్మా, లోపల ఇంకో విస్తరికి చోటుందా?"