వంటింటి వెనక తాటిమోడు

ఒకప్పుడు తాళవనమనే రాజ్యంలో ఒక రాజు ఉండేవాడు. రాజు లేకుండా కథ మొదలుపెడితే పిల్లలు ఊరుకోరు కాబట్టి ఉండేవాడనే అనుకుందాం. ఆయన పేరు రణమార్తాండుడు. ఒక్క రణమూ చేసి ఎరగడు. ఆయనకి ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. కొడుకుల గురించి రాజ్యమంతా చెప్పుకునేది. కూతురు సంపంగి గురించి ఎవరూ చెప్పుకోలేదు కాబట్టి మనం చెప్పుకుందాం.

ఆ రాజ్యం నిండా తాడిచెట్లు. తాడిచెట్ల నిండా చిలకలు. రోజూ పొద్దున్నే రాణి కువలయ జామపళ్ళు కోసి ప్రహరీగోడ మీద పెట్టేది. చిలకలు గుంపులుగా వచ్చి, సగం తిని సగం పారేసి, ఒకదాన్నొకటి తిట్టుకుంటూ ఎగిరిపోయేవి.

ఒకనాడు ధూమ్రకేశుడనే మాంత్రికుడు పొగలా వచ్చి రాణిని ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల తన దీవిలో దింపి, "ఇవాళ్టి నుంచి నాకు వండిపెట్టు, కాళ్ళు పట్టు" అన్నాడు.

"మా ఆయనకే పట్టలేదు, నీకు పడతానా?" అంది రాణి.

మాంత్రికుడు ఆమెని రాయిని చేసి వాకిట్లో నిలబెట్టాడు. మళ్ళీ తాళవనానికి వచ్చి, కోట బురుజు ఎక్కి, "మీ రాణిని నా దీవిలో రాయిని చేశాను! నా ప్రాణం ఒక చిలకలో ఉంది! చేతనైతే దాన్ని చంపండి, మీ రాణి లేచి వస్తుంది!" అని అరిచి, పగలబడి నవ్వి పోయాడు.

ముగ్గురు కొడుకులూ మీసాలు దువ్వారు.

పెద్దకొడుకు, "ఎంతపని నాన్నగారూ! రాజ్యమంతా వలలు వేయిస్తాను" అన్నాడు. వేయించాడు. వేల చిలకలు చచ్చాయి. మాంత్రికుడు చావలేదు.

నడిపికొడుకు, "చిలకలు గుడ్లు పెట్టేది తాటిమోళ్ళ తొర్రల్లో. మోళ్ళన్నీ నరికిస్తాను. ఎండిపోయిన చెట్టు ఎవరిక్కావాలి?" అన్నాడు. నరికించాడు. తొర్రలు పోయాయి, గుడ్లు పోయాయి. మాంత్రికుడు చావలేదు.

చిన్నకొడుకు, "మీకు వేట రాదు అన్నయ్యలూ, వేట వచ్చినవాళ్ళని పిలుద్దాం" అని పరదేశం నుంచి ఓడ నిండా పిల్లుల్ని తెప్పించి వదిలాడు. అవి మిగిలిన చిలకల్ని తిన్నాయి, పిచ్చుకల్ని తిన్నాయి, రాజుగారి పాలు తాగాయి. మాంత్రికుడు చావలేదు.

రాజు మాత్రం ముగ్గురికీ బిరుదులిచ్చి భుజాల మీద శాలువాలు కప్పాడు.

రాజ్యం మొత్తంలో ఒక్క తాటిమోడు మిగిలింది. అది కోటలో, వంటింటి వెనక ఉంది. నడిపికొడుకు గొడ్డలి పట్టుకుని దాని దగ్గరికీ వెళ్ళాడు గానీ, వంటమనిషి కోటమ్మ గరిటె పట్టుకుని అడ్డం నిలబడింది.

"కొట్టు బాబూ, కొట్టు. రేపట్నుంచి నీ అన్నం నువ్వే వండుకో."

అతను గొడ్డలి భుజాన వేసుకుని వెనక్కి తిరిగాడు.

ఇప్పుడు రాజ్యంలో పొద్దున్నే కూతల్లేవు. గోడ మీద సంపంగి పెట్టిన జామపళ్ళకి చీమలు పడుతున్నాయి. ఒకరోజు ఆమె నిండు సభలోకి వచ్చింది.

"నాన్నగారూ, ప్రాణం ఎక్కడుందో దొంగ తనంతట తనే వచ్చి ఎందుకు చెప్పాడు? ఒక్కరైనా అడిగారా?"

"ఆడపిల్లవి, నీకు తెలీదమ్మా" అన్నాడు రాజు.

"తెలీదు కాబట్టే తెలుసుకోడానికి వెళ్తున్నా" అంది సంపంగి. అమ్మ కోసం ఆ పూటే బయల్దేరింది.

నడిచి నడిచి సముద్రం ఒడ్డుకి చేరింది. అక్కడ ఎర్రన్న అనే జాలరి ఇసకలో గొయ్యి తీసి, గుడ్లు ఒక్కొక్కటీ అందులో పెట్టి కప్పుతున్నాడు.

"ఏం చేస్తున్నావు?"

"తాబేలు గుడ్లమ్మా. కుక్కలు తవ్వేస్తున్నాయి. మా వాళ్ళేమో, మగాడివై ఉండి గుడ్లకి కాపలా ఏంట్రా అని నవ్వుతున్నారు."

"నవ్వనీ. మగాళ్ళ పనులు మా ఇంట్లో ముగ్గురివి చూశాను" అంటూ సంపంగి తనూ కూర్చుని గుడ్లు కప్పింది.

అంతలో సముద్రంలోంచి తల్లి తాబేలు తల ఎత్తింది. "నా పిల్లల్ని కాచినదానివి. ఎక్కడికి వెళ్ళాలి తల్లీ?" అని అడిగింది. సంపంగి చెప్పింది. తాబేలు ఆమెని వీపు మీద ఎక్కించుకుంది. ఒక సముద్రం దాటింది, రెండో సముద్రం దాటింది, మూడోది దాటింది, అలా ఏడూ దాటింది.

దీవిలో మాంత్రికుడు మధ్యాహ్నం భోంచేసి గురకపెడుతున్నాడు. వాకిట్లో అమ్మ రాయై నిలబడి ఉంది. ఆమె చేతుల మీద వాడి పంచె ఆరేసి ఉంది. సంపంగికి ఒళ్ళు మండిపోయింది. పంచె లాగి బురదలో పారేసింది. చూరుకి బంగారు పంజరం వేలాడుతోంది. అందులో ఒక ఆడచిలక. సంపంగి చెయ్యి పెట్టి దాని మెడ పట్టుకుంది.

"నొక్కు" అంది చిలక. "వాడు చస్తాడు. మీ అమ్మ ఇప్పుడే లేస్తుంది. కానీ నాకు తెలిసి ఆడచిలకల్లో మిగిలింది నేనే. నాతో మా కూత ఆఖరు."

సంపంగి చెయ్యి ఆగింది. "చంపకుండా మా అమ్మ ఎలా లేస్తుంది?"

"వీడి ప్రాణం నాలో ఉంది. నేను గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తే ఆ ప్రాణం ముక్కలై పిల్లలకి పోతుంది. ముక్కలైన ప్రాణంతో మంత్రాలు పనిచెయ్యవు. వీడికి ఉన్న భయం అదొక్కటే. నాకు జోడు దొరక్కూడదని మీ అన్నల చేత చిలకలన్నిట్నీ చంపించాడు. వాళ్ళు వీడికి ఒక్క పైసా జీతం అడక్కుండా చాకిరీ చేశారు. పంజరంలో నేను గుడ్లు పెట్టను. తాటిమోడు తొర్ర కావాలి. మెడలో ఎర్రగీత ఉన్న మగచిలక జోడుగా కావాలి."

"మోడు ఉంది. జోడు సంగతి చెప్పలేను. అది దొరక్కపోతే?"

చిలక ముక్కుతో పంజరం కమ్మీ కొరికింది.

సంపంగి వెళ్ళి అమ్మ రాతి చెయ్యి పట్టుకుంది. ఒక్క నొక్కు నొక్కితే అమ్మ లేస్తుంది. లేచి ఇంటికి వచ్చి, పొద్దున్నే జామపళ్ళు కోసుకుని గోడ దగ్గరికి వెళ్తుంది. అప్పుడు "చిలకలేవే?" అని అడుగుతుంది. ఏం చెప్పాలి?

"కొంచెం ఓపిక పట్టమ్మా" అంది సంపంగి. పంజరం తీసుకుని తాబేలెక్కింది.

మాంత్రికుడు లేచి చూసుకుని పొగలా వెంటపడ్డాడు. పిడుగు వేద్దామంటే తాబేలు మీద ఉన్నది వాడి ప్రాణమే. పళ్ళు కొరుక్కోవడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాడు. మంచు కమ్మిన చోట తాబేలు మునిగినట్టే మునిగి దారి మార్చింది. తర్వాత వాడు కోటలు వెతికాడు, కొండలు వెతికాడు, అడవులు వెతికాడు. వంటింటి వెనక వెతకాలని మాత్రం చాలా రోజుల దాకా తోచలేదు.

ఒడ్డున ఎర్రన్న పంజరం అందుకుని సంపంగి వెంట కోటకి నడిచాడు. కోటమ్మ వాళ్ళని మోడు దగ్గరికి తీసుకెళ్ళి, పైకి చూసి, "ఒరేయ్, ఇంక బయటికి రారా" అంది. తొర్రలోంచి ఒక తల వచ్చింది. ఆ మెడలో ఎర్రగీత!

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అంది సంపంగి.

"చెప్తే నాలుగో బిరుదు ఎవరో ఒకరు కొట్టేసేవారు తల్లీ."

చిలకలు రెండూ ముందు దెబ్బలాడుకున్నాయి, తర్వాత కలిసిపోయాయి. మూడు గుడ్లు పెట్టాయి. ఎర్రన్న మోడు చుట్టూ ముళ్ళకంప కట్టాడు. కోటమ్మ పిల్లుల్ని తరిమింది. సంపంగి నిచ్చెన వేసుకుని కాపలా కూర్చుంది.

గుడ్లు చిట్లే పొద్దున, వెతికి వెతికి మాంత్రికుడు రానే వచ్చాడు. కొడుకులు ముగ్గురూ కత్తులు దూసి ఎదురెళ్ళారు. వాడు కర్ర ఊపాడు. ముగ్గురూ రాళ్ళై నిలబడ్డారు. వాడు మోడు వైపు తిరిగాడు.

సంపంగి తొర్రలో చెయ్యి పెట్టింది. "ఒక్క అడుగు వేశావంటే దీని మెడ విరిచేస్తా!"

నిజానికి ఆమె చెయ్యి గుడ్ల పక్కన చెక్కపొట్టు మీద ఉంది. చిలక కొరుకుతోంది కూడా. కానీ మాంత్రికుడికి ఆమె అన్నలు తెలుసు. ఆ ఇంటిపిల్ల మెడ విరవదని వాడెలా అనుకుంటాడు?

"వద్దు వద్దు! ఆగు!" అని అక్కడే చతికిలబడ్డాడు.

మొదటి గుడ్డు చిట్లింది. వాడి కర్ర ఉడికిన మునక్కాడలా వంగిపోయింది. రెండో గుడ్డు చిట్లింది. పొగలాంటి జుట్టు ఊడిపోయి బట్టతల బయటపడింది. మూడో గుడ్డు చిట్లింది. అన్నలు ముగ్గురూ తుమ్ముతూ కదిలారు. ఏడు సముద్రాల అవతల రాణి కువలయ ఒళ్ళు విరుచుకుని, అప్పటికే వచ్చి ఒడ్డున కాచుకుని ఉన్న తల్లి తాబేలుని చూసి, "తాబేలమ్మా, మా ఇల్లు ఎటు?" అంది.

ఆమె వచ్చిన పొద్దున గోడ మీద జామపండు ఉంది. పండు మీద చిలక ఉంది. రాణి దాన్ని చూసి, కూతుర్ని పట్టుకుని, నేల మీద కూర్చుండిపోయింది. ఎప్పుడూ చూసేదాన్ని మళ్ళీ చూడటం అంత సంతోషమని ఆమెకి అప్పటిదాకా తెలీదు.

మాంత్రికుణ్ణి ఏం చెయ్యాలని సభలో అడిగారు. తల నరకాలన్నాడు రాజు. "వద్దు నాన్నగారూ, చిలకల కాపలాకి పెడదాం" అంది సంపంగి. ఇప్పుడు వాడి ప్రాణం ఆ చిలకపిల్లల్లో తలా కొంచెం ఉంది. వాటిలో ఒక్కదానికి దెబ్బ తగిలినా వాడికి కడుపునొప్పి వస్తుంది. ఆ రాజ్యంలో వాడంత మంచి కాపలాదారు మళ్ళీ పుట్టలేదు.

పెద్దన్న తన వలలు తనే విప్పాడు. చిన్నన్న పిల్లులన్నిట్నీ పట్టి కోటలో కట్టేసి మేపాడు, గీరించుకున్నాడు. నడిపన్న తాటి టెంకలు నాటాడు. "ఇవెప్పుడు మోళ్ళవుతాయి చెల్లీ?" అని అడిగాడు.

"పెరగాలి, కాయాలి, ముసలివై ఎండాలి. నువ్వూ నేనూ చూడం. నరకడానికి నీకు ఒక పూట పట్టింది అన్నయ్యా, గుర్తుందా?"

అందుకే ఎండిన తాడిచెట్టు జోలికి ఎవరూ పోకూడదని చాటింపు వేశారు. కూతలు విని ఎక్కడెక్కడో దాక్కున్న చిలకలు ఒకటీ అరా వచ్చి చేరాయి. రాజు సింహాసనం దిగి కూతుర్ని ఎక్కించాడు. సంపంగి ఎర్రన్నని పెళ్ళి చేసుకుంది. నవ్వినవాళ్ళందరూ పెళ్ళిభోజనానికి వచ్చారు. కోటమ్మ పీట మీద కూర్చుంటే ముగ్గురన్నలూ వండి వడ్డించారు. పప్పులో ఉప్పు ఎక్కువైంది, అయినా అందరూ తిన్నారు. సంపంగి చాలాకాలం రాజ్యం ఏలింది, ఒక్క బిరుదూ ఇవ్వలేదు.

కథ తొర్రలోకి, పిల్లలు పక్కలోకి. పొద్దున్నే చిలకలు లేపుతాయి.