సిరా అంటని సీసం

వానాకాలమంతా కూర్చుని సుందరమ్మ సవర భాషలోకి మార్చిన మాటల్లో సగానికి పైగా ఏ మనిషీ చదవడానికి రాసినవి కావు. తప్పు వకుళది.

వకుళ ఉంటున్న మఠం నాగావళి ఒడ్డున ఉంది. అక్కడ పనే సాధన. వెనకటి గురువులు తాటాకుల మీద వైద్యగ్రంథాలకు నకళ్ళు రాయించేవారు. తర్వాతివారు అచ్చుయంత్రం కొన్నారు. ఇప్పటి గురువు జోగయ్యగారు కుర్రతనంలో ఆ యంత్రం దగ్గర అక్షరాలు పేర్చినవారు. ఆయన హయాంలోనే కంప్యూటర్లు వచ్చాయి.

శిష్యులు కొండ ఊళ్ళ ఆరోగ్య కేంద్రాల కోసం ఒక ప్రోగ్రాము రాసి ఉచితంగా ఇస్తారు. గర్భిణి వచ్చి నర్సు పక్కన కూర్చుంటే తెర మీద ఒక్కొక్క ప్రశ్నా వస్తుంది. కాళ్ళు వాస్తున్నాయా, తల తిరుగుతోందా, బిడ్డ కదులుతోందా. జవాబుల్ని బట్టి ఆమెను పెద్దాసుపత్రికి పంపాలో అక్కర్లేదో నర్సుకు తెలుస్తుంది.

ప్రశ్నలు మొదట తెలుగులో రాస్తారు. వాటిని సవరలోకి మార్చేది సుందరమ్మ ఒక్కతే. ఆమెది సవర కుటుంబం. సీతంపేట వైపు కొండల్లో నర్సుగా చేసి రిటైరైంది. ఏ మాట చెబితే తల్లులు బెదురుతారో, ఏ మాటకు నోరు విప్పుతారో ఆమెకు తెలుసు.

మార్చాల్సిన మాటల్ని ప్రోగ్రాములోంచి ఏరి సుందరమ్మకు పంపేది బిల్డు. అంటే శిష్యులు రాసిన ముక్కలన్నిటినీ కలిపి వాడకానికి సిద్ధం చేసే యంత్రపు పని. పాత పద్ధతిలో, రాసినవాళ్ళు ఒక మాటకు గుర్తు పెడితేనే బిల్డు దాన్ని ఏరేది. వాళ్ళు మరిచిపోయేవాళ్ళు. అప్పుడు సవర ప్రశ్నల మధ్య ఒక తెలుగు ప్రశ్న పంటికింద రాయిలా తగిలేది.

వకుళకు ఒళ్ళు మండేది. హైదరాబాదులో పెద్ద కంపెనీలో చేసి వచ్చిన మనిషి, ఇలాంటి అలసత్వం ఆమెకు పడదు. ఈ గుర్తుల గొడవే వద్దని, కొటేషన్ మార్కుల మధ్య ఏది కనబడితే అది ఏరుకొచ్చేలా బిల్డును మార్చేసింది.

"ఇక ఒక్క మాట జారదు" అని భోజనాల దగ్గర అందరికీ వినబడేలా చెప్పింది.

జోగయ్యగారు మజ్జిగ పోసుకుంటూ విన్నారు. "అలాగా" అన్నారు.

నిజంగానే ఒక్క మాట జారలేదు. అయితే ప్రోగ్రాములో ఉండేవి మనుషులకు చెప్పే మాటలే కాదు. రాసేవాళ్ళు తమ కోసం రాసుకునేవి, తేడా వచ్చినప్పుడు యంత్రం లోలోపల గొణుక్కునేవి, అవీ అవే మార్కుల మధ్య ఉంటాయి. అవన్నీ సుందరమ్మకు వెళ్ళాయి. ఆమె ఒక్కదాన్నీ వదలకుండా వరసగా మారుస్తూ వచ్చింది.

వానలు వెనకబట్టాక ఒక మధ్యాహ్నం ఆమె దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

"పాపా, ఒకచోట ఆగిపోయాను. 'ఇక్కడిదాకా వచ్చావంటే కొంప మునిగినట్టే' అని ఉంది. ఇది ఎన్నో నెల తల్లికి చెప్పాలి?"

వకుళ ఆ వాక్యం కోసం తెర మీద వెతికింది.

"నెలలు నిండిన పిల్లకైతే కాస్త మెత్తగా రాస్తాను. కొండ దిగి ఆయాసపడుతూ వచ్చిన పిల్లతో అలా అంటామా?"

పక్క కుర్చీలో ఫోను మాటలు వింటున్న తోటి శిష్యుడు సింహాద్రి తల పట్టుకున్నాడు. ఆ వాక్యం రాసింది అతనే. లెక్క తప్పి ప్రోగ్రాము వెళ్ళకూడని చోటికి వెళ్తే తనకు తెలియడానికి పెట్టుకున్నాడు.

"అది తల్లులకు కాదండీ" అంది వకుళ. "మాలో మేం రాసుకున్నది."

"మరి 'సూచిక ఎక్కడికీ చూపడం లేదు' అన్నది?"

"అదీ మాదే."

"అయ్యో రాత. దానికోసం ఎన్ని పూటలు ఆలోచించానో. 'చూపే వేలు ఉంది, చూపినచోట ఏమీ లేదు' అని కట్టాను. మా అక్కకు వినిపిస్తే బాగుందంది." సుందరమ్మ గొంతు మారింది. "బిడ్డ కదులుతోందా అన్నది ఇంకా నా దాకా రాలేదు. ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నాను."

"మీకు పంపిన మాటల కట్టలో చివరన ఉందండీ."



"అంటే మీ ఇంటి చెత్త కూడా నాచేతే ఊడ్పించారన్నమాట. కళ్ళు లాగేస్తున్నాయి. ఇక నా వల్ల కాదమ్మా. ఇంకెవర్నైనా చూసుకోండి."

'పాపా' పోయి 'అమ్మా' వచ్చింది. తిట్టినా వకుళకు అంత తగిలేది కాదు.

ఇంకెవరూ లేరు. సవర, తెలుగు, నర్సు పని, మూడూ బాగా తెలిసిన మనిషి వాళ్ళ ఎరుకలో ఆమె ఒక్కతే. కార్తీకం దాటేలోపే ప్రోగ్రాము కొండ కేంద్రాలకు వెళ్ళాలి. ప్రశ్న తెలుగులో వస్తే సవర తల్లి తల ఊపుతుంది. అర్థం కాకపోయినా, పెద్దవాళ్ళేదో అడుగుతున్నారని ఊపుతుంది. బిడ్డ కదలడం లేదని చెప్పాల్సిన తల్లి కూడా ఊపుతుంది.

వకుళ ఏడుస్తూ కూర్చునే రకం కాదు. జల్లెడ కట్టడం మొదలుపెట్టింది. ఏరిన మాటల్లో ఏవి మనుషులకో ఏవి యంత్రానికో బిల్డే కనిపెట్టి వేరుచేయాలి. ఒకే పదం ఉంటే వదిలెయ్యి. మధ్యలో అంకె ఉంటే వదిలెయ్యి. ఫైలు పేరు ఉంటే వదిలెయ్యి. కట్ట చిక్కిపోయింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు చూస్తే 'రక్తస్రావం' కట్టలో లేదు. ఒకే పదం కదా, జల్లెడ వదిలేసింది.

ఒకే పదమైనా రోగం పేరైతే ఉంచమని చెప్పింది. అప్పుడు 'నొప్పి' వచ్చింది, దాని వెనకాలే సింహాద్రి రాసుకున్న 'తలనొప్పి' కూడా వచ్చింది. అది ఏ తల్లిదీ కాదు, అతనిదే. ఇంకో నియమం పెట్టింది. 'వాంతులు' ఎగిరిపోయాయి.

"నా కొంప మునగడం మళ్ళీ సుందరమ్మగారి దగ్గరికి బయల్దేరిందండోయ్" అన్నాడు సింహాద్రి తెరలోకి తొంగిచూసి.

"నువ్వు కాస్త నోరు అదుపులో పెట్టుకుని రాస్తే ఈ తిప్పలుండవు."

"నేనెవరితో అన్నానండీ? యంత్రంతో అన్నాను. నా ఏడుపు నేను ఏడవకూడదా?"

వకుళ లేచి జోగయ్యగారి కోసం వెళ్ళింది.

ఆయన అచ్చుయంత్రం షెడ్డులో ఉన్నారు. ఆ యంత్రానికి ఇప్పుడు ఏడాదికోసారే పని. కార్తీకంలో పెట్టే అన్నదానానికి టోకెన్లు అచ్చువేస్తారు. అక్షరాలు పేర్చడం అయిపోయినట్టుంది, బల్ల మీద ఇనపచట్రం బిగించి ఉంది.

వకుళ నిలబడే అంతా చెప్పింది. జల్లెడ ఎలా పనిచేస్తుందో, ఎక్కడ తప్పుతోందో, ఇంకొన్ని నియమాలు చేరిస్తే ఎలా కుదురుతుందో.

"ఇంకొంచెం తెలివి నేర్పితే చాలు అయ్యగారూ. మనుషుల మాటేదో యంత్రం మాటేదో అదే పోల్చుకుంటుంది."

"సుందరమ్మ ఏమంది?"

"మానేస్తానంది."

"ఊఁ" అన్నారాయన. "ఆ రోలరు ఇలా అందుకో."

వకుళకు విసుగొచ్చింది. అయినా అందుకుంది. పలక మీద సిరా నూరి, రోలరును అటూ ఇటూ దొర్లించి, ఆయన చెప్పినట్టే చట్రం మీద ఆ చివర నుంచి ఈ చివరకు నడిపింది. చట్రం నిండా సీసపు ముక్కలు కిక్కిరిసి ఉన్నాయి. వేలు పెట్టడానికి కూడా సందు లేదు.

జోగయ్యగారు టోకెను కాగితం ఒకటి దాని మీద పరిచి, చెక్క పెట్టి సుత్తితో మెల్లగా తట్టారు. కాగితం కొస పట్టుకుని లేపి ఆమె చేతికిచ్చారు.

'భోజనం' అని ఒక వరస. దాని కింద 'చేతులు కడుక్కుని రండి' అని ఇంకో వరస. తక్కిందంతా తెలుపు.

వకుళ కాగితం వంక చూసింది. చట్రం వంక చూసింది.

"ఇంత సీసం ఉంది కదా. మిగతాది ఏమైంది?"

"చెయ్యి పెట్టి చూడు."

పెట్టింది. రెండు వరసల అక్షరాలు వేళ్ళకు గరుకుగా తగిలాయి. వాటి మధ్య, వాటి చుట్టూ ఉన్న ముక్కలు పొట్టిగా, నున్నగా, కిందకి ఉన్నాయి. వేళ్ళకు అంటిన సిరా అంతా అక్షరాలదే.

"ఈ పొట్టివి తీసేస్తే?"

ఆయన బిగించిన మర కొంచెం వదులు చేసి ఒక నున్నటి ముక్కను లాగారు. 'భోజనం' పక్కకు ఒరిగింది. ముక్కను మళ్ళీ దూర్చి మర బిగించారు. 'భోజనం' నిలబడింది.

వకుళ తన బుర్రలో తిరుగుతున్నదే అడిగేసింది.

"వీటిని ముట్టుకోకూడదని రోలరుకు ఎలా తెలుస్తుంది అయ్యగారూ?"

జోగయ్యగారికి నవ్వొచ్చింది.

"రోలరుకు ఏం తెలుసమ్మా? అది అన్నిటి మీదా ఒకేలా పోతుంది."

"మరి?"

"వీటిని పొట్టిగా పోతపోసినవాడికి తెలుసు."

వకుళ రోలరు చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. బయట ఎవరో వంటపాత్రలు తోముతున్నారు. ఆయన కిరసనాయిలు గుడ్డ ఆమె వైపు తోశారు.

"ఆరిపోకముందే తుడుచుకో. తర్వాత వదలదు."

ఆమె తిరిగి వచ్చి జల్లెడను మొత్తం తీసి పారేసింది. కుర్చీ లాక్కుని సింహాద్రి పక్కన కూర్చుంది.

"ఈ మాట ఎవరితో అంటున్నావు?"

"యంత్రంతో."

"ఉంచుకో. ఇది?"

"నర్సుతో."

"గుర్తు పెట్టు. పక్కన నర్సుకు అని రాయి. ఇది?"

"తల్లితో. కాదు, తల్లికి చదివి వినిపించమని నర్సుతో."

"అలాగే రాయి."

ప్రోగ్రాము రాసిన ఒక్కొక్కరి దగ్గరా అలాగే కూర్చుంది. కొందరు గొణిగారు. కొందరికి తాము రాసింది ఎవరికో తమకే తెలియలేదు. అలాంటి మాటలు అక్కడికక్కడే చాలా పోయాయి, వాటి అవసరం ఎవరికీ లేదని తేలింది.

"ఇదంతా బాగానే ఉంది కానీ, మళ్ళీ మరిచిపోతే?" అన్నాడు సింహాద్రి. "వెనక వచ్చిన తంటా అదే కదండీ."

"గుర్తు లేని మాటను తెర మీదికి పంపావనుకో, బిల్డు అక్కడే ఆగిపోతుంది. నువ్వొచ్చి అది ఎవరికో చెప్పేదాకా కదలదు."

"మొండిది."

"నాలాగే."

కొత్త కట్టను వకుళ కంప్యూటర్లో పంపలేదు. కాగితాల మీద తీసుకుని బస్సెక్కి సీతంపేట వెళ్ళి, అక్కణ్ణుంచి ఆటోలో సుందరమ్మ ఊరు చేరింది. సుందరమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. రమ్మని అనలేదు, పొమ్మనీ అనలేదు. చేతులు దులుపుకుని కళ్ళజోడు పెట్టుకుంది.

మొదటి మాట: బిడ్డ కదులుతోందా? పక్కన: ఏడో నెల దాటిన తల్లికి, నర్సు చదివి వినిపించాలి.

సుందరమ్మ కాగితాలు తిప్పింది. చివరిదాకా తిప్పింది.

"ఇంతేనా?"

"ఇంతేనండీ."

"తక్కినవి?"

"అవి మా గొడవ. మా దగ్గరే ఉన్నాయి."

"ఎవరికి చెప్పాలో కూడా రాశావే." సుందరమ్మ మళ్ళీ మొదటి కాగితానికి వచ్చింది. "ఈ బుద్ధేదో వానలకు ముందు వస్తే పోయేది కదా."

"పోయేదండీ."

సుందరమ్మ మొదటి ప్రశ్నను సవరలో పైకి అనుకుంది. పెదవి విరిచి ఇంకోలా అంది. మూడోసారి ఆమె గొంతు నర్సు గొంతయింది. ఎదురుగా ఎవరో కూర్చున్నట్టే అడిగింది. అప్పుడు తల ఊపి పెన్ను తీసింది.

రాస్తూనే, తలెత్తకుండా అంది. "మరి నా వేలు మాట ఏం చేశారు? అంత కష్టపడి కట్టాను, ఊరికే పోవలసిందేనా?"

"సింహాద్రి దాన్ని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాడండీ. యంత్రం మొరాయించినప్పుడల్లా లేచి దానికి దండం పెడుతున్నాడు."

సుందరమ్మ నవ్వింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ నవ్వింది.

"తెలుగులో ఏం బాగుంటుంది? నేను సవరలో రాసిస్తాను, అది అంటించమను. కూర్చో పాపా, ఎంతసేపు నిలబడతావు."

కార్తీకంలో ప్రోగ్రాము కొండ కేంద్రాలకు వెళ్ళింది. అన్నదానం రోజున జోగయ్యగారు టోకెన్లు తానే పంచారు. వకుళ వంతు వచ్చినప్పుడు ఆమె చేతిలో ఒకటి పెట్టి, ఆమె వేళ్ళ వంక చూసి ముందుకు కదిలారు. గోటి అంచున సిరా ఇంకా కొంచెం మిగిలే ఉంది.

ఆ తర్వాత వకుళ ఎన్నో ప్రోగ్రాములు రాసింది. ప్రతి మాట దగ్గరా అది ఎవరికో ముందు రాసేది, మాట తర్వాత రాసేది. ఎంత తొందరలో ఉన్నా ఆ వరస తప్పలేదు.