మూడు చిలకల వకాల్తా

ఆ అడవిలో తగువులు తీర్చేది ముసలి ఏనుగు. మంచిదే, కానీ దానికో పట్టింపు. ఎవరి గోడైనా సరే, చిలక చేత చెప్పిస్తేనే వింటుంది. చిలకలేమో జామకాయ ముందు పెట్టనిదే ముక్కు విప్పవు. జామతోపంతా కొండముచ్చుది. ఇక అక్కడి న్యాయం ఎవరికి తియ్యగా ఉండేదో చెప్పాలా?

ఆ కొండముచ్చుకి ఓ ఉడుత తొర్ర మీద కన్ను పడింది. కాయలు దాచుకోవడానికి భేషుగ్గా ఉంటుందట. "ఆ తొర్ర నాదే" అని ఏనుగు దగ్గర వ్యాజ్యం వేసి, అడవిలో ఉన్న మూడు చిలకలకూ తలా ఒక గంప కాయలు పంపింది.

తొర్రలో ఉడుతకి ఇంకా కళ్లు తెరవని పిల్లలు. పెద్ద చిలక దగ్గరికి పరుగెత్తింది.

"చిలకన్నా, నా తరఫున నువ్వు మాట్లాడవా? తొర్ర పోతే పిల్లల్ని ఎక్కడ పెట్టుకోను?"

"మాట్లాడేవాణ్ణే తల్లీ. కానీ దొరగారి కాయ కొరికేశాను. తిన్న విశ్వాసం ఉండాలిగా."

రెండోదీ అదే పాట పాడింది, మూడోదీ అంతే. కొండముచ్చు అడవిలో తనకంటూ ఒక్క నోరైనా మిగల్చలేదని ఉడుతకి కడుపు మండింది. ఆ మంటలోనే ఓ ఉపాయం తట్టింది. మళ్లీ మూడింటి దగ్గరికీ వెళ్లి, విడివిడిగా ఒకే మాట చెవిన వేసింది.

"పోనీలే అన్నా. అయినా ఈ వ్యాజ్యం గెలిపించేది మీలో ఇంకెవరోనట. నువ్వు ఊరికే తలాడించడానికేనట కదా?"

విచారణకి అడవంతా చేరింది. పెద్ద చిలక గొంతు సవరించుకుంది.

"అయ్యా, ఆ తొర్ర మా దొరగారి తాత సొంత గోళ్లతో తొలిచింది."

"తాతేమిటి?" రెండో చిలక ఎగిరి ముందుకొచ్చింది. "దొరగారు దాన్ని వడ్రంగిపిట్ట దగ్గర కొన్నారు. నేనే సాక్షిని."

"వీళ్లకేం తెలుసు?" మూడోది ఆ రెండింటి మీదా ఎక్కి అరిచింది. "పోయిన వానాకాలం పిడుగు పడి ఏర్పడిన తొర్ర అది. ముందు చూసింది మా దొరే!"

కొండముచ్చు ఒకదాని తోక లాగింది, ఇంకోదాని ముక్కు నొక్కింది. ఆగితేనా? తిన్న కాయలు అరగాలి కదా. తొలిచారని ఒకటి, కొన్నారని ఒకటి, పిడుగని ఒకటి. ఈకలు ఎగిరిపోతున్నాయి. కుందేళ్లు కడుపు పట్టుకుని నవ్వుతున్నాయి.

ఏనుగు తొండం ఎత్తింది. "ఒక్క తొర్రకి మూడు పుట్టుకలా? మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని ఊరికే అన్నారా! కొండముచ్చూ, అది నీకెలా వచ్చిందో నీ చిలకలకే తెలీదు. తొర్ర ఉడుతదే."

ఉడుత ఆనందం పట్టలేక ముందుకు గెంతింది. "అయ్యా, ఒక్క మాట..."

"నీ చిలక ఏదీ?" అంది ఏనుగు.

ఉడుత నోరు మూసుకుని పిల్లల దగ్గరికి పరుగు తీసింది. కొండముచ్చు ఖాళీ గంపలు మోసుకుంటూ ఇంటిదారి పట్టింది.

ఎదుటివాడికి నోరు లేకుండా చేయాలని ఊళ్లో నోళ్లన్నీ కొనేస్తే, అవి చివరికి మన గుట్టే విప్పుతాయి.